సీఏ చేసి విదేశం వెళ్తున్నారా? ఈ ఏడు సలహాలూ పాటించకండి

కనుమ నాడు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. సీఏ ఫైనల్ పాసయ్యాడు, పెళ్లి కుదిరింది, అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తోంది. "అక్కా, నా సీఏ అక్కడ చెల్లుతుందిగా? అందరూ చెల్లుతుందనే అంటున్నారు" అన్నాడు. నేను గుంటూరు నుంచి బయల్దేరినప్పుడు నాకూ అందరూ అదే చెప్పారు. ఆ మాటలు నమ్మి మూడేళ్లు పోగొట్టుకున్నాను. ఆరోజు వాడికి ఫోన్లో గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. పరీక్ష పాసవడం ఒక మెట్టు. వృత్తి సంస్థలో సభ్యత్వం రెండో మెట్టు. ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు మూడో మెట్టు. మన దగ్గరా ఇదే వరస. ఫైనల్ పాసయ్యాక మెంబర్‌షిప్‌కి అప్లై చేయాలి, ప్రాక్టీసు పెట్టాలంటే ప్రాక్టీసు సర్టిఫికెట్ (సీఓపీ) తీసుకోవాలి, సంతకం పెట్టిన రిపోర్టు మీద యూడిన్ నంబరు ఉండాలి. ఊళ్లో, కోచింగ్ సెంటర్లలో, పెళ్లిళ్లలో వినిపించే తప్పుడు సలహాలన్నీ ఈ మూడు మెట్లనీ ఒకటే చేసి చెప్పేవే.

తప్పుడు సలహా 1: "సీఏ అంటే ఎక్కడైనా సీఏనే"

సీఏ సభ్యత్వం ఇచ్చే మన సంస్థ ఐసీఏఐ 1949లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. ఆ చట్టం అమలయ్యేది మన దేశంలోనే. ప్రపంచ అకౌంటెంట్ల సమాఖ్య ఐఫ్యాక్‌లో ఐసీఏఐ 1977 నుంచీ, అంటే అది మొదలైనప్పటి నుంచీ ఉంది కదా అంటారు. ఉంది. ఆ సమాఖ్య ప్రమాణాల గురించి మాట్లాడుతుంది కానీ, ఒక దేశం సభ్యుణ్ణి ఇంకో దేశం చేర్చుకు తీరాలని ఎవరినీ ఆదేశించలేదు. చేర్చుకోవాలంటే ఆ రెండు సంస్థల మధ్య విడిగా ఒప్పందం ఉండాలి. సీపీఏ ఆస్ట్రేలియాతో, ఇంగ్లండ్ అండ్ వేల్స్ ఇన్‌స్టిట్యూట్‌తో ఐసీఏఐ అలాంటి ఒప్పందాలు చేసుకుంది. అమెరికాతో లేదు. అందుకే ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న సీఏ అయినా అమెరికాలో సీపీఏ పరీక్ష నాలుగు భాగాలూ రాయాల్సిందే, ఒక్కొక్కదాంట్లో 75 స్కోరు తెచ్చుకోవాల్సిందే.

ఏం చేయాలి: టికెట్ కొనకముందే మీరు వెళ్లే దేశంలోని సంస్థతో ఒప్పందం ఉందా, ఈరోజుకి అమల్లో ఉందా అన్నది రెండు సంస్థల దగ్గరా అడగండి. ఒప్పందాలకి గడువు ఉంటుంది. మీ సీనియర్ వెళ్లిన ఏడాది ఉన్న దారి మీ ఏడాదికి ఉండకపోవచ్చు.

తప్పుడు సలహా 2: "తొమ్మిది పేపర్లు మినహాయించారంటే గుర్తించినట్టేగా"

బ్రిటన్ అకౌంటెంట్ల సంస్థ ఏసీసీఏ పరీక్షలో పేపర్లు 13. మన సీఏకి తొమ్మిది దాకా మినహాయింపు ఇస్తారు. అది పరీక్షల్లో ఇచ్చిన వెసులుబాటు. మిగిలిన పేపర్లు రాయాలి, ఎథిక్స్ మాడ్యూల్ పూర్తిచేయాలి, మూడేళ్ల పని అనుభవం చూపించాలి. అప్పుడు సభ్యత్వం.

ఇదే మాట తిరగేసి చూస్తే మన పిల్లల నష్టం ఇంకా పెద్దది. అమీర్‌పేటలో ఏసీసీఏకో, అమెరికా సీపీఏకో చేర్పించే తల్లిదండ్రులకి "సీఏతో సమానం, పైగా త్వరగా అయిపోతుంది" అని చెప్తున్నారు. హైదరాబాద్‌లోని విదేశీ కంపెనీల కార్యాలయాల్లో ఆ చదువులకి మంచి ఉద్యోగాలున్నాయి, అది నిజం. కానీ 2013 కంపెనీల చట్టం సెక్షన్ 141 ప్రకారం కంపెనీకి ఆడిటర్ కావాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ అయి ఉండాలి, అంటే ఐసీఏఐ సభ్యత్వం ఉండాలి. ఏసీసీఏతో ఆ సభ్యత్వం రాదు. రేపు ఆ బిడ్డ తెనాలిలో సొంత ఆఫీసు పెట్టుకుని ఆడిట్లు చేద్దామనుకుంటే దారి లేదు.

ఏం చేయాలి: కట్టబోయే ఫీజు గురించి అడిగే ముందు "ఈ చదువుతో నేను ఏ దేశంలో, ఏ కాగితం మీద సంతకం పెట్టగలను?" అని అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి.

తప్పుడు సలహా 3: "ఫ్రెండ్ రాసిన స్టేట్ నుంచే రాసెయ్, అన్నీ ఒకటే"

అమెరికాలో సీపీఏ లైసెన్స్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు. రాష్ట్రాలూ, గువామ్ లాంటి ప్రాంతాలూ కలిపి 55 చోట్ల 55 బోర్డులున్నాయి. పరీక్ష అందరికీ ఒకటే, అర్హత నిబంధనలు మాత్రం ఎవరివి వారివి. చాలాకాలంగా లైసెన్స్‌కి 150 క్రెడిట్లు అడుగుతున్నారు. మన మూడేళ్ల బీకాంకి ఎన్ని క్రెడిట్లు వేస్తారన్నది లెక్కగట్టే సంస్థను బట్టి, బోర్డును బట్టి మారుతుంది. ఐసీఏఐ విశ్వవిద్యాలయం కాదు కాబట్టి సీఏ చదువుకి కొన్నిచోట్ల క్రెడిట్లు వేస్తారు, కొన్నిచోట్ల వేయరు. ఇప్పుడు ఈ 150 క్రెడిట్ల నిబంధనే మారుతోంది. డిగ్రీతో పాటు రెండేళ్ల అనుభవం ఉంటే చాలని ఒహాయో 2025లో చట్టం చేసింది.

నేను మా స్నేహితురాలి మాట మీద ఆమె రాసిన రాష్ట్రానికే అప్లై చేశాను. నాలుగూ పాసయ్యాను. లైసెన్స్ దగ్గరికి వచ్చేసరికి నా క్రెడిట్లు చాల్లేదు. ఆమె ఎంకాం చేసింది, నేను చేయలేదు. ఆ తేడా మా ఇద్దరికీ తట్టలేదు.

ఏం చేయాలి: పరీక్షకి కూర్చునే అర్హత, లైసెన్స్ అర్హత రెండింటినీ విడిగా రాసుకోండి. మీ మార్కుల జాబితా దగ్గర పెట్టుకుని, లైసెన్స్ నుంచి వెనక్కి లెక్కేసుకుని రాష్ట్రాన్ని ఎంచుకోండి. లైసెన్స్ చేతికొచ్చేదాకా పేరు పక్కన సీపీఏ అని వేసుకోకండి.

తప్పుడు సలహా 4: "వీసాకి స్కిల్ అసెస్‌మెంట్ పాజిటివ్ వచ్చిందిగా, ఇంకేం కావాలి"

ఇది ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు పడే గుంట. అక్కడ అకౌంటెంట్ల చదువును వీసా కోసం పరిశీలించేదీ, సభ్యత్వం ఇచ్చేదీ అవే వృత్తి సంస్థలు. లెటర్‌హెడ్ ఒకటే కావడంతో రెండూ ఒకటే అనుకుంటారు. వీసా కోసం ఇచ్చిన ఉత్తరం "ఈ వ్యక్తి చదువు వలసకి సరిపోతుంది" అంటుంది, అంతే. సభ్యత్వానికి అప్లికేషన్ వేరు, ఫీజు వేరు, షరతులు వేరు.

ఏం చేయాలి: ఉత్తరంలో ఏ పనికోసం ఇచ్చారో ఆ వాక్యం వేలుపెట్టి చదవండి. రెండో అప్లికేషన్ అదే నెలలో మొదలుపెట్టండి.

తప్పుడు సలహా 5: "ముందు సులువైన దేశంలో చేరు, అక్కణ్ణుంచి దూకొచ్చు"

వినడానికి బాగుంటుంది. అమెరికా సంస్థలకి కెనడా, ఆస్ట్రేలియా, స్కాట్లండ్ లాంటి దేశాల సంస్థలతో ఒప్పందాలున్నాయి కాబట్టి, మన ఒప్పందంతో ఆస్ట్రేలియాలో చేరి, వాళ్ల ఒప్పందంతో అమెరికాలోకి రావచ్చనుకుంటారు. ఈ ఆలోచన ఆ సంస్థలకి ముందే వచ్చింది. ఒప్పందంతో చేరిన సభ్యుడు ఇంకో ఒప్పందాన్ని వాడుకోవడానికి మామూలుగా వీల్లేదు. ఆ దేశపు చదువు, పరీక్షల దారిలో సభ్యుడైనవాడికే ఆ తలుపు తెరుస్తారు.

ఏం చేయాలి: ఎక్కడ స్థిరపడతారో ఆ దేశం దారినే నేరుగా పట్టుకోండి. మధ్యలో కట్టే ఫీజులు, పోయే ఏళ్లు ఎవరూ తిరిగివ్వరు.

తప్పుడు సలహా 6: "ఇక ఇండియా మెంబర్‌షిప్ ఫీజు దండగ, మానెయ్"

విదేశం వెళ్లిన రెండో ఏడాదే చాలామంది చేసే పని ఇది. ఒప్పందాల దారిలో మొదట అడిగేది మీ సొంత సంస్థ ఇచ్చే గుడ్ స్టాండింగ్ లెటర్. ఫీజు కట్టక పేరు తీసేస్తే ఆ ఉత్తరం రాదు. పేరు మళ్లీ ఎక్కించుకోవడానికి పట్టే కాలమంతా అక్కడి అప్లికేషన్ ఆగిపోతుంది.

ఏం చేయాలి: ఏటా కట్టండి, రసీదు దాచుకోండి, ఏటా చేయాల్సిన వృత్తి శిక్షణ (సీపీఈ) గంటలు పూర్తిచేయండి. మీ చేతిలో ఉన్న సభ్యత్వం అదొక్కటే.

తప్పుడు సలహా 7: "కాగితాలదేముంది, తర్వాత తెప్పించుకోవచ్చు"

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఈ సలహా. మార్కుల జాబితా విశ్వవిద్యాలయం నుంచి సీలు వేసిన కవరులో, అతికించిన చోట సంతకం, ముద్ర చెదరకుండా రావాలి. మా నాన్న నాలుగుసార్లు తిరిగి ఆ కవరు తెచ్చారు. అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. బొట్టు పెట్టాక, అమ్మాయి మార్కులన్నీ సరిగ్గా వేశారో లేదో చూద్దామని జాగ్రత్తగా, అంచు చిరక్కుండా విప్పి, చూసి, మళ్లీ బంకతో అతికించింది. అమెరికాలో దాన్ని తీసుకోలేదు. మళ్లీ మొదటి నుంచి. అమ్మకి మాత్రం నేనిప్పటికీ చెప్పలేదు.

కవరైనా రెండోసారి దొరికింది. సీఏ శిక్షణలో భాగంగా చేసిన ఆర్టికల్స్ అనుభవం దొరకలేదు. గుంటూరు అరండల్‌పేటలో నేను ఎవరి దగ్గర ఆర్టికల్స్ చేశానో ఆ సార్ అప్పటికి పోయారు, ఆఫీసు మూసేశారు. మూడేళ్లు బ్యాంకు ఆడిట్లు, మిల్లుల స్టాకు లెక్కలు, అర్ధరాత్రి దాకా వోచింగు. అవన్నీ నేనే చేశానని చెప్పగలిగిన మనిషి లేడు. ఆర్టికల్స్ పూర్తయినట్టు ఇచ్చే ఫారం 108 నా దగ్గరుంది, అందులో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేశానో ఉంది, ఏం చేశానో వాళ్లు అడిగిన వివరంతో లేదు. ఆ మూడేళ్లూ లెక్కలోకి రాలేదు.

ఏం చేయాలి: ఆర్టికల్స్ చివరి వారంలోనే, మీకు శిక్షణ ఇచ్చిన సీఏ (ప్రిన్సిపల్) లెటర్‌హెడ్ మీద మీరు చేసిన పనులు, గంటలు, తేదీలు, ఆయన మెంబర్‌షిప్ నంబరుతో ఉత్తరం రాయించుకోండి. ఇప్పుడు ఆర్టికల్స్ రెండేళ్లే కాబట్టి ప్రతి నెలా వివరంగా ఉండాలి. సీలు కవర్లు కనీసం మూడు తీసుకోండి, ఎక్కడా విప్పకండి.

ఇవన్నీ చెప్పాక కూడా నా మనసులో బాధ ఒకటుంది. ప్రతి దేశానికీ దాని పన్నులు, కంపెనీ చట్టాలు ఉంటాయి, వాటిలో పరీక్ష పెట్టడం న్యాయమే. డెబిట్ ఎక్కడైనా డెబిట్టే. పనిచేసిన ఏళ్లని సున్నా చేయడం మాత్రం న్యాయం కాదు. ఇతర దేశాలను మాత్రమే తప్పుపట్టలేను. మన 1949 చట్టంలోనూ విదేశీ పరీక్షను, శిక్షణను రెండింటినీ సమానమని గుర్తిస్తేనే సభ్యత్వం అని సెక్షన్ 4లో ఉంది. మనవాళ్లని చేర్చుకోని దేశం వాళ్లకి మన దగ్గరా చోటు లేదని సెక్షన్ 29 చెప్తుంది. ఎవరి తలుపు వాళ్లు బిగించుకుంటే మధ్యలో నలిగేది పిల్లలే. కెనడాలోని ఒంటారియో 2006లోనే వృత్తి సంస్థలు దరఖాస్తులను పారదర్శకంగా, న్యాయంగా చూడాలని చట్టం చేసి, దాన్ని గమనించడానికి ఒక కమిషనర్‌ను పెట్టింది. ప్రతి దేశంలోనూ, మన దేశంలోనూ అలాంటిది రావాలి. కాదంటే ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలి, ఇంకేం చదివితే సరిపోతుందో చెప్పాలి. అదొచ్చేదాకా మీ కాగితాలే మీకు దిక్కు.

పండగ సెలవులయ్యాక మా తమ్ముడు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి వాళ్ల సార్ రాసిచ్చిన ఉత్తరం: రెండు పేజీలు, నెలవారీ గంటలతో, అడుగున సంతకం, మెంబర్‌షిప్ నంబరు. రెండోది మూడు సీలు కవర్లు. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో తెలుగులో రాసి ఉంది: "అమ్మా, విప్పకు."