శ్రుతి తప్పితే

విజయవాడ నుంచి భద్రాచలం పోయే బస్సులు తిరువూరులో ఆగుతాయి. 2014లో భద్రాచలం పక్క రాష్ట్రానికి పోయింది గాని, తిరువూరు భజనలకు ఆ సంగతి ఇంకా తెలియదు. శనివారం రాత్రి ఊళ్ళో ఒక రామాలయంలో నేలకొండపల్లి గోపన్న కీర్తనలే సాగుతాయి.

హైదరాబాదులో కొన్ని బార్లలో వారానికో రాత్రి ఎవరైనా స్టేజీ ఎక్కి గిటారు వాయించుకోవచ్చునట. తిరువూరులో ఆ వెసులుబాటు రాముడి దగ్గర ఉంది. తాళాలు గూట్లో ఉంటాయి. డోలక్ మేకుకు వేలాడుతుంది. వచ్చినవాళ్ళు చాప మీద కూర్చుంటారు, వంతు వస్తే పాడతారు. సంగీతం వచ్చా రాదా అని అడిగేవాళ్ళు లేరు.

అడగాలని ఉన్నది మేష్టారు ఒక్కరికే.

ఆయన బడిపంతులు కాదు, హార్మోనియం మేష్టారు. పీసపాటి, షణ్ముఖి కృష్ణుడి వేషాలతో ఊళ్ళు ఊపేసిన రోజుల్లో కుర్రవాడు. ఆ గాలికే నాటకాల వెంట పడి, పెట్టె పట్టి, వయసంతా పద్యాలకు శ్రుతి ఇచ్చారు. ఆ రంగంలో శ్రుతి ఎంత పెద్దదైతే నటుడు అంత గొప్పవాడు. ఆ లెక్క మేష్టారి వేళ్ళను వదల్లేదు. గుళ్ళో కూడా ఆయన పెట్టేది ఐదు శ్రుతే. పాతికేళ్ళప్పుడు ఐదుకు అందిన గొంతు డెబ్భై దాటాక అందుతుందా అన్న అనుమానం హార్మోనియానికి రాదు. మెట్టు నొక్కితే అది పలుకుతుంది.

హార్మోనియం మీద మాట పడితే మేష్టారు ఊరుకోరు. 1940లో ఆలిండియా రేడియో వాళ్ళు దాన్ని స్టూడియోల్లోంచి గెంటేసిన సంగతి, 1971లో ఆంక్షలు సడలించే దాకా అది గుమ్మం బయటే నిలబడ్డ సంగతి, భజనకు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

"ఢిల్లీలో ఎవడో స్విచ్చి కట్టేస్తే ఇక్కడ మన నోళ్ళు మూతపడ్డాయి. వినేవాణ్ణి అడిగారా? పాడేవాణ్ణి అడిగారా?"

వచ్చినవాళ్ళు తలూపేవారు.

ఎరువుల కొట్టాయన భజనకు రావడం మొదలుపెట్టింది కొట్టు అమ్మేశాక. భార్య పోయింది. పిల్లలు అమెరికాలో ఉన్నారు. శనివారం అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేవాడు. వంతు వచ్చినప్పుడు ఒకటే కీర్తన పాడేవాడు. చరణం ఎక్కేసరికి గొంతు ఐదు శ్రుతిని అందుకోలేక ఎక్కడో మధ్యలో ఆగిపోయేది. మేష్టారు ఆ మెట్టు గట్టిగా నొక్కి, ఎక్కడికి రావాలో చూపించేవారు. ఆయన వచ్చేవాడు కాదు.

గుడికి ఆంప్లిఫయర్, లోపలికి రెండు బాక్సులు, గాలిగోపురం మీదికి ఒక హారన్ కొనిచ్చింది కూడా ఆయనే. హారన్ మూతి చుట్టూ ఎర్ర రంగుతో దాత పేరు రాయించారు. మైకు అందరిదీ అన్నారు. మొదటి శనివారం ఆయన కీర్తన ఊరంతా వినపడింది.

మర్నాడు మేష్టారు మైకుసెట్టు కుర్రాణ్ణి పిలిచారు. వాడికి చెవి ఉందని ఊళ్ళో మొదట కనిపెట్టింది మేష్టారే. పెళ్ళిళ్ళలో సన్నాయి వెంట్రుకవాసి కిందికి జారినా వాడి మొహం చిట్లుతుందని చెప్పేవారు.

"లోపల బాక్సులు మోగనీ. హారన్‌కు వెళ్ళే వైరుకు విడిగా ఒక స్విచ్చి పెట్టు," అన్నారు.

"ఎరువుల కొట్టు తాతగారి కోసమాండీ?"

"పేరు పెట్టి అంటే పెద్దాయన నొచ్చుకుంటాడురా. దేవుడి ముందు ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా? నువ్వు మొహం చూడకు. శ్రుతి తప్పిందా, కట్టెయ్. మళ్ళీ కలిసిందా, వెయ్."

"ఎవరు తప్పినానాండీ?"

"ఎవరు తప్పినా."

కుర్రాడు ఇళ్ళల్లో లైటుకు పెట్టే మామూలు తెల్ల స్విచ్చి ఒకటి చెక్కముక్కకు బిగించి, ఆంప్లిఫయర్ పక్కన పెట్టాడు. అది మేష్టారి వీపు వెనక ఉండేది. ఆయన మొహం రాముడి వైపు, పెట్టె వైపు. ఎరువుల కొట్టాయనకు కూడా అది కనపడేది కాదు. కనపడినా, ఫ్యానుది అనుకునేవాడు.

మొదటి రెండు మూడు వారాలు భజన మధ్యలో వెనక నుంచి టక్కుమని చప్పుడొచ్చేది. కాసేపటికి మళ్ళీ టక్కు. ఎరువుల కొట్టాయన వంతు రాకముందే, గణపతి ప్రార్థనలో కూడా ఒకోసారి వచ్చేది. కుర్రాడు స్విచ్చి సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాడనుకున్నారు మేష్టారు. తరువాత్తరువాత చప్పుడు తగ్గింది. ఆ పైన అసలు రాలేదు. కుర్రాడికి చెయ్యి తిరిగిందనుకున్నారు.

భజనలో ఏ కీర్తనైనా ఎత్తుకునేది మేష్టారే. ఆయన ఎత్తుకున్న చోటికి మిగతావాళ్ళు అందుకోవాలి. మెడనరాలు పొంగేవి. ఇద్దరు ముగ్గురు నీళ్ళ చెంబు పక్కన పెట్టుకునేవారు. పై షడ్జం దగ్గర మేష్టారే కళ్ళు మూసుకుని, గొంతు వదిలేసి, పెట్టెతో పని కానిచ్చేవారు. లోపల రెండు బాక్సులూ దద్దరిల్లేవి.

మేష్టారిల్లు బస్టాండు అవతల. భజన ముగించి, పులిహోర పొట్లంతో నడిచి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. గుమ్మంలోనే అడిగేవారు.

"వినపడిందా?"

"ఆఁ. కాళ్ళు కడుక్కోండి," అనేది ఆయన భార్య.

ఎరువుల కొట్టాయన ఇంటికి వెళ్ళి అడగడానికి ఎవరూ లేరు. ఆయన తాళం తీసుకుని లైటు వేసుకునేవాడు.

అలా నడిచింది. మామిడికాయ వచ్చింది, పోయింది. వర్షాలు పట్టాయి. ముసురులో తడిసి మేష్టారికి జ్వరం వచ్చింది. శనివారానికి తగ్గలేదు. పెట్టె గుళ్ళోనే ఉంది. తాను లేకుండా భజన ఏం చేస్తారని, ఆపేస్తారనే అనుకున్నారు. దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఏడున్నరకు డోలక్ మోగింది. కిటికీలోంచి వచ్చింది ఆ చప్పుడు.

రెండు పాటలు అయ్యాయి. మూడోది గోపన్న కీర్తన. ఎవరో మగగొంతు. తొందర లేదు, కేక లేదు. మాట మాటకూ అర్థం తెలుస్తోంది. చరణం ఎక్కడికి ఎక్కాలో అక్కడికి ఎక్కి, కూర్చోవలసిన చోట కూర్చుంది. మేష్టారు దుప్పటి తీసి లేచి కూర్చున్నారు.

"భద్రాచలం పోతూ ఎవరో దాసుగారు దిగినట్టున్నారు," అన్నారు మనవడితో. "ఇలాంటి గొంతు విని ఎన్నాళ్ళయిందో! సైకిలేసుకెళ్ళి ఎవరో కనుక్కురా. నా మాటగా రేపు భోజనానికి రమ్మను."

మనవడు వెళ్ళాడు. మేష్టారి వేళ్ళు మంచం పట్టె మీద మెట్లు వెతుక్కున్నాయి. ఐదు కాదు. నాలుగు కాదు. ఒకటిన్నర.

మనవడు తడిసి వచ్చాడు.

"కొత్తవాళ్ళెవరూ లేరు తాతయ్యా. పాడింది ఎరువుల కొట్టు తాతగారే."

"పెట్టె ఎవరు వాయిస్తున్నారు?"

"ఎవరూ వాయించట్లేదు. ఒక నల్లమెట్టు కిందికి నొక్కి అగ్గిపుల్ల గుచ్చారు. డోలక్ మావయ్య కొడుకు ఊరికే గాలి కొడుతున్నాడు."

మేష్టారు కాసేపు మాట్లాడలేదు. హారన్‌లో ఇంకో పాట అందుకున్నారు. ఈసారి అందరూ కలిసి.

"ఆ మైకుసెట్టు వెధవ స్విచ్చి కట్టడం మరిచిపోయినట్టున్నాడు," అన్నారు చివరికి.

ఆయన భార్య వంటింట్లోంచి జావ గ్లాసుతో వచ్చింది. గ్లాసు చేతికిస్తూ కిటికీ వైపు చెవి పెట్టింది.

"ఏవండీ, గుళ్ళో కొత్త మైకు కొన్నారా? ఇన్నాళ్ళకి పాట మనింటి దాకా వినపడుతోంది!"