పార్టీ మహాసభలో పూనకం

దేవుడు లేడు, ఆత్మ లేదు, చచ్చాక ఏమీ లేదు. సోవియట్ పార్టీ సిద్ధాంతం ఇదే.

1924లో లెనిన్ పోయాడు. స్మారకాలు, ఆర్భాటాలు వద్దు మొర్రో అని భార్య క్రూప్‌స్కాయా 'ప్రావ్దా' పత్రికలోనే మొత్తుకుంది. ఎవరు విన్నారు? దేహానికి మందులు పట్టించి, రెడ్ స్క్వేర్‌లో మందిరం కట్టి, దర్శనానికి క్యూ పెట్టారు. దేవుడి పటాల మూల పోయి, క్లబ్బుల్లో, ఫ్యాక్టరీల్లో 'ఎర్ర మూల' వెలిసింది. అందులో లెనిన్ పటం!

1953లో స్టాలిన్‌నూ ఆ పక్కనే పడుకోబెట్టారు. 1961 అక్టోబరులో పార్టీ 22వ మహాసభ జరుగుతోంది. డోరా లజూర్కినా అనే పాత బోల్షివిక్ లేచి, తాను నిన్ననే ఇల్యిచ్‌ను, అంటే లెనిన్‌ను, సంప్రదించానని, స్టాలిన్ పక్కన ఉండడం తనకు బాగాలేదని ఆయన అన్నాడని చెప్పింది. సభ చప్పట్లతో మారుమోగింది. అక్టోబరు 31 రాత్రి స్టాలిన్‌ను బయటికి తెచ్చి క్రెమ్లిన్ గోడ పక్కన పాతిపెట్టారు.

పాపం, ఆమె స్టాలిన్ నిర్బంధంలో ఏళ్లకేళ్లు మగ్గిన మనిషి. ఆమె కోపంలో న్యాయముంది. కానీ స్టాలిన్ నేరాల చిట్టా కళ్లెదుటే ఉండగా, మళ్లీ పోయినాయన సాక్ష్యం దేనికి?

బోనాల్లో రంగం చెబితే మూఢనమ్మకం, మహాసభలో చెబితే తీర్మానం! మన హేతువాద మిత్రులకు ఒక్క మనవి: గోడ మీది దేవుడి పటం దించారు, సంతోషం. ఆ మేకుకు ఇప్పుడు ఎవరిని తగిలించారో కూడా చూసుకోండి.