ఐదు వందల త్రిభుజాల కత్తి: సటీకాతాత్పర్యం

మూలం: బ్రో, హీరోకి కత్తి కావాలి. లో పాలీ, 500 ట్రయాంగిల్స్ లోపు. సింపుల్‌గా ఉండాలి కానీ చూడగానే వెయిట్ తెలియాలి. రేపు పొద్దున్నకి.

అవతారిక: గేమ్ స్టూడియోలో ఆర్ట్ లీడ్, సాయంకాలం ఆరు దాటాక, బ్యాగు సర్దుకుంటున్న త్రీడీ ఆర్టిస్టును ఉద్దేశించి పలుకుచున్నాడు.

ప్రతిపదార్థం: బ్రో = ఓ తమ్ముడా (పని చెప్పేటప్పుడు వాడే సంబోధన; ఇంక్రిమెంటు అడిగితే 'మీరు' అగును); హీరోకి = ఆట సాంతం తెర నడుమ వీపు చూపించి నిలుచువానికి; లో పాలీ = పలకలు కొద్దిగా గలదియు; 500 ట్రయాంగిల్స్ లోపు = ఐదు వందల త్రిభుజములకు మించనిదియు; సింపుల్‌గా = నిరాడంబరమై ఒప్పునదియు; కానీ = చిక్కంతయు ఇచ్చటనే కలదు; చూడగానే = తెరపై బొటనవేలంత కనబడినను; వెయిట్ = బరువు; తెలియాలి = తోచవలెను; రేపు పొద్దున్నకి = ఈ రాత్రికి (లక్ష్యార్థం).

తాత్పర్యం: తమ్ముడా, నీవు ఇప్పుడే ఇంటికి పోలేవు అని భావము.

విశేషములు: మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి పట్టుబట్టాడు. ఈ మూలంలో ఉన్నదే స్వల్పం కాబట్టి మాకా నియమం కుదరదు.

ఐదు వందలు చాలునా అని శంక. లెక్క చూడండి. అడ్డంగా కోస్తే వజ్రాకారంలో ఉండే అలుగుకు నాలుగు వాలు పలకలు, అంటే 8 త్రిభుజాలు, మొనకు 4. అడ్డుకమ్మి ఒక పెట్టె, దానికి 12. ఆరు పలకల పిడికి 12. దాని రెండు కొసలూ లోపల దాగిపోతాయి కనుక చెరిపేయవచ్చు. పిడి చివరి గుండుకు 8. మొత్తం 44. కత్తి అయిపోయింది! మిగిలిన 456 ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే అసలు పని.

కొందరు 'లో పాలీ'లోని 'లో'ను పొదుపు అని వ్యాఖ్యానిస్తారు. 1997 నాటి ప్లేస్టేషన్‌కైతే ఆ అర్థం సరిపోయేది. ఇవాళ చేతిలోని ఫోనే లక్షల త్రిభుజాలు గీస్తుంది. పైగా పలకలు పలకలుగా కనబడాలంటే ఒక్కో ముఖానికి ఒక్కో దిక్కు చెప్పాలి. అప్పుడు ఎనిమిది మూలల ఘనానికి గ్రాఫిక్స్ చిప్ 24 శీర్షాలు మోయాలి. పొదుపే ఉద్దేశమైతే అంచులు నునుపు చేసేవారు. కాబట్టి ఇది రుచే గాని లేమి కాదని మా సిద్ధాంతం.

సింపుల్ అనీ, వెయిట్ అనీ పక్కపక్కన చెప్పడం విరోధాభాసాలంకారం. పరిహారం రూపురేఖలో ఉంది. కత్తి మొత్తానికీ నల్లరంగు పూసి, దూరం జరిపి చూడాలి. అప్పుడూ కత్తిగానే కనిపించాలి, బరువు మొనవైపు తూగాలి. అందుకే పిడి లావు చేస్తారు, అలుగును పైకి పోయేకొద్దీ వెడల్పు చేస్తారు. ఫైనల్ ఫాంటసీ 7లో క్లౌడ్ వీపున మోసే బస్టర్ స్వోర్డ్ రూపురేఖతోనే బరువు చూపడానికి ప్రమాణం. కొద్దిపాటి త్రిభుజాలతో చేసిన ఇనుప పలక అది. అయినా ఆట ఆడనివాడు సైతం నీడ చూసి గుర్తుపడతాడు.

అంచు వెంబడి సన్నని ఏటవాలు పలక ఒకటి వేయాలి. వెలుగు దానిమీదే పట్టి పదును తెలుస్తుంది. త్రిభుజాలు ఇక్కడ ధారాళంగా పోయవచ్చు. గాట్లు రెండు చాలు, పెద్దవి. అలుగును సగం చేసి మిర్రర్ మాడిఫయర్‌తో రెండోవైపు తెప్పిస్తారు గదా, ఆ మాడిఫయర్‌ను అప్లై చేశాకే గాటు పెట్టాలి. లేకుంటే ఇటు పడ్డ గాటు అటూ పడుతుంది. యుద్ధంలో శత్రువు ఎంత శ్రద్ధాళువైనా అంత కొలిచి కొట్టడు.

రంగుల సంగతి తేలిక: గళ్లగళ్లుగా రంగులున్న చిన్న బొమ్మ ఒక్కటి, ఒక్కో పలక యూవీని (అంటే బొమ్మలో దాని చోటును) ఒక్కో గడిలోకి కుదించడమే.

ఇక 'రేపు' అన్నది ఏ రేపో మూలకర్త స్పష్టం చేయలేదు. కత్తి_ఫైనల్, కత్తి_ఫైనల్_2, కత్తి_ఇదే_ఫైనల్ అని మూడు ప్రతులు లభిస్తున్నాయి. మూడవది ప్రక్షిప్తమని ప్రోగ్రామర్ల వాదం. వారు ఆటలో ఎక్కించింది మొదటిదే మరి.