ప్లగిన్ సూత్రం: సటీకా తాత్పర్యం

అవతారిక

2012 బతుకమ్మ పండుగ నాటి మాట. నల్లగొండ రామగిరిలో మా పెద్దమ్మ ఇల్లు. డాలస్‌లో మనవరాలు పట్టులంగా కట్టుకొని బతుకమ్మ ఆడిందనీ, ఆ వీడియో అక్కడి మనవాళ్ల సంఘం సైటులో పెట్టారనీ అక్కడి నుంచే అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్క పంపిన డబ్బులతో సికింద్రాబాద్ సీటీసీలో నేనే కొనుక్కొచ్చిన టాబ్లెట్ పెద్దమ్మ ఒళ్లో ఉంది. లింకు నొక్కాను. పేజీ వచ్చింది. పైన సంఘం ముద్ర వచ్చింది. పక్కన చందా కట్టమనే మాట అందరికంటే ముందే వచ్చింది. నడుమ, మనవరాలు ఉండవలసిన చోట, బూడిదరంగు పలక. దాని కింద ఒకే ఒక వాక్యం.

ఆ వాక్యమే ఈ టీకకు మూలం. ఉన్నది ఇంగ్లీషులో. సంస్కృతం లాగే అది కూడా మా ఇంట్లో అందరూ గౌరవించే, ఎవరికీ పూర్తిగా తెలియని భాష గనుక తెలుగు చేసి ఇస్తున్నాను.

మూలం

"వీడియో చూడవలెనన్న ప్లగిన్ కావలెను."

టీక

వ్యాఖ్య రాయడానికి కూర్చున్న తెలంగాణవాడు ముందు మల్లినాథసూరికి దండం పెట్టాలి. ఆయన మెదక్ దిక్కు కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాసి, ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటాను. రెండోది నావల్ల కాదు. అక్కర లేనిది చెప్పకూడదంటే ఈ వ్యాసమే ఉండదు.

ఇంకొక్క మాట చెప్పి పదాల్లోకి పోతాను. ఆ మల్లినాథుడు వ్యాఖ్య రాసిన మేఘసందేశంలో యక్షుడు ఉండేది కూడా రామగిరి మీదనే. ఆ రామగిరి నుంచి వియోగి కబురు మేఘం మోసుకొని పోయింది. ఈ రామగిరిలోని వియోగిని దగ్గరికి కబురు రావలసి ఉంది, మోసేది ఇప్పుడూ మేఘమే, క్లౌడ్ అంటున్నారు. కాళిదాసు మేఘానికి ప్లగిన్ అడిగే బుద్ధి పుట్టలేదు.

వీడియో: లాటిన్ మాట. 'నేను చూస్తున్నాను' అని అర్థం. ఉత్తమ పురుష, ఏకవచనం, వర్తమానం. పెద్దమ్మ ఏమీ చూడడం లేదు గనుక ఇక్కడ ఈ పదం అసత్యమని కొందరు. భవిష్యత్తును వర్తమానంగా చెప్పడం ఆశావహుల లక్షణమని కొందరు.

చూడవలెనన్న: చూడాలనే కోరిక గలవారికి. కోరిక లేనివాడికి ఈ సూత్రం వర్తించదు. మా పెదనాయిన ఆ సమయంలో మంచం మీద పేపరు చదువుకుంటూ ఏ ప్లగిన్ లేకుండా సుఖంగా ఉన్నాడు.

ప్లగిన్: టీకాకారుడికి చెమట పట్టించే పదం ఇదే. పెద్దమ్మ దీనికి తడుముకోకుండా అర్థం చెప్పింది: "ప్లగ్గు పెట్టుమంటుంది గదరా. కరెంటు వొయ్యింది, యాడ పెడుతం?" పదవిభాగంలో తప్పు లేదు, ప్లగ్గు ఉంది, పెట్టడమూ ఉంది. సందర్భం కూడా ఆమె పక్షమే, ఎందుకంటే ఆ యేడు కరెంటు పోయేటప్పుడు చెప్పి పోయేది, వచ్చేటప్పుడు చెప్పక వచ్చేది. అయినా ఇది రూఢ్యర్థం కాదు.

రూఢ్యర్థం ఏమంటే: బ్రౌజర్ అనేవాడు మొదట్లో అక్షరాలు చదివేవాడు, నిలకడ బొమ్మలు చూపేవాడు. కదిలే బొమ్మ ఎదురైతే నోరు మెదిపేవాడు కాదు. అందుకని ఇంకొకరు రాసిన ప్రోగ్రాంను తెచ్చి పేజీలో ఒక అర్ర ఖాళీ చేసి కూర్చోబెట్టారు. అర్ర ఇల్లుగలాయనది, లోపలి సంసారం కిరాయిదారుది. పొయ్యి వేరు, దీపం వేరు, లోపల ఏం జరుగుతుందో ఇల్లుగలాయనకు తెలియదు. ఒకనాడు కిరాయిదారు పొయ్యి అంటుకుంటే మాత్రం ఇల్లంతా పోతుంది. ఈ కిరాయిదార్లలో పేరుమోసినవాడు ఫ్లాష్. 1996లో మాక్రోమీడియా చేతికి వచ్చి ఆ పేరు పెట్టుకున్నాడు, 2005లో మాక్రోమీడియాతో పాటే అడోబీ ఇంటివాడయ్యాడు.

మా పండితుల భాషలో చెప్పాలంటే ప్లగిన్ అనగా టీకాకారుడే. మూలం చదవడం రానివాడికి పక్కన కూర్చొని అర్థం చెప్పేవాడు. ఈ పోలిక దగ్గర నాకు కొంచెం గుబులు కలిగిందని ఒప్పుకుంటున్నాను, కారణం ముందు తెలుస్తుంది.

కావలెను: ఎవరికి కావలెను? కర్త లేడు. చూసేవాడికా, టాబ్లెట్‌కా, సైటు కట్టినవాడికా? ఈ ఒక్క క్రియాపదం మీద 2010లో లోకంలో పెద్ద కొట్లాట అయింది.

పూర్వపక్షం

టాబ్లెట్‌కు ప్లగిన్ ఉండి తీరాలనే పక్షానికి పెద్ద శంతను నారాయణ్. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, 2007 చివర అడోబీకి అధిపతి అయ్యాడు. నల్లగొండ డిగ్రీ కాలేజీ వాళ్లం మాకప్పట్లో పట్టా ఇచ్చింది ఉస్మానియానే గనుక, వాదం సంగతి ఎట్లున్నా మనసు కొంత అటే లాగింది. తప్పేం ఉంది, వరంగల్ వాడు క్రికెట్ ఆడితే వాడి జట్టే గెలవాలనుకోమా?

ఆ పక్షం మాట తేలికది కాదు. వెబ్‌లో వీడియోల్లో 75 శాతం ఫ్లాష్‌లో ఉన్నాయని అడోబీ లెక్క. అది తెరవని యంత్రాన్ని చేతికిచ్చి ఇదిగో ప్రపంచం అంటే ముప్పావు వంతు మూతపెట్టి ఇచ్చినట్టే. గెలాక్సీ ట్యాబ్, బ్లాక్‌బెర్రీ ప్లేబుక్ వంటివి ఈ పక్షాన నిలిచి, మా దాంట్లో ఫ్లాష్ ఆడుతుందని డప్పు కొట్టుకున్నాయి.

ఎదుటి పక్షం స్టీవ్ జాబ్స్. 2010 జనవరి 27న ఐప్యాడ్‌ను లోకానికి చూపిస్తూ న్యూయార్క్ టైమ్స్ పేజీ తెరిచాడు. అందులో ఒకచోట ఖాళీ గడి, లోపల ప్లగిన్ లేదనే గుర్తు. సభ అంతా చూసింది. అంటే రామగిరిలో మా పెద్దమ్మకు జరిగిన అవమానమే అంతకు ముందే ఆయనకూ జరిగింది. ఆయన గాభరా పడలేదు, నేను పడ్డాను, అంతే తేడా. ఏప్రిల్ 29న ఫ్లాష్ ఎందుకు వద్దో వివరంగా లేఖ రాశాడు. అందులోని సాంకేతిక కారణాలన్నీ వట్టి పొగతెర అని నారాయణ్ జవాబు.

లేఖలో చాలా ఉన్నాయి గానీ టీకాకారుడు ఆగదగ్గవి రెండే.

ఒకటి బ్యాటరీ. హెచ్.264 అనే పద్ధతిలో కట్టిన వీడియోను విప్పడానికి చిప్పులోనే ప్రత్యేకం ఒక మూల ఉంటుంది. అక్కడ విప్పితే 10 గంటల దాకా ఆడుతుంది. పాత ఫ్లాష్ వీడియోలు చాలావరకు ఆ మూలకు తెలియని పద్ధతిలో ఉండేవి. అప్పుడు అసలు ప్రాసెసరే సాఫ్ట్‌వేర్‌తో విప్పాలి, అట్లా విప్పితే 5 గంటలు కూడా రాదు. ఇది ఆయన చెప్పిన లెక్క. కాలిఫోర్నియాలో కూర్చొని రాసినా ఈ మాట నల్లగొండకే రాసినట్టుంది. ప్లగ్గు యాడ పెడుతం అని పెద్దమ్మ అడిగింది ఇదే గదా. ఆమె పద వ్యుత్పత్తిలో తప్పి భావంలో గెలిచింది. ఇట్లాంటి పాఠాంతరాన్ని కొట్టేయకూడదు.

రెండోది వేలు. ఫ్లాష్‌లో కట్టిన మెనూలు చాలామట్టుకు మౌస్‌ను నమ్ముకున్నవి, బాణం గుర్తు పైకి వస్తే చాలు విచ్చుకునేవి. ఎలుకకు కొరికేముందు వాసన చూసే గుణం ఉంది. వేలికి లేదు. తాకితే తాకినట్టు, లేకుంటే లేనట్టు. కాబట్టి ప్లగిన్ దొరికినా లోపలి సరుకు వేలి మాట వినదు. ఇది నాకు ఆ లేఖలో అన్నిటికంటే నచ్చిన వాదం.

మెచ్చనిదీ ఉంది. ఫ్లాష్ ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉందని నిష్ఠూరమాడిన పెద్దమనిషి తన యాప్‌ల అంగడి తాళంచెవి తన మొలతాడుకే కట్టుకున్నాడు. ఆయన పొగిడిన హెచ్.264 కూడా పేటెంట్ల చెరలో ఉన్నదే. గురివింద సామెత తెలిసినవాళ్లకు వివరం అక్కర లేదు.

గూగుల్ మధ్యస్థం. యూట్యూబ్‌లో ప్లగిన్ అక్కర లేని హెచ్‌టీఎంఎల్5 ఆటను 2010 జనవరిలోనే పరీక్షకు పెట్టింది, అదే యేడు ఆండ్రాయిడ్‌కు ఫ్లాష్ వచ్చిందని పండుగ చేసింది. గోడ మీద పిల్లి ఏ దిక్కు దూకుతుందో పాలు ఎటున్నాయో చూసి చెప్పొచ్చు.

ప్లగిన్ అక్కర లేని ఈ కొత్త పద్ధతికి దృష్టాంతం దూరం పోయి తేనక్కర లేదు. ఊరి పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. ఎదుట నిలబడి, ఇది ఫలానా స్తంభం నీడ అని వేలు పెట్టి చూపలేం. గుడి కట్టడంలోనే ఆ ఏర్పాటు ఉంది. హెచ్‌టీఎంఎల్5లో వీడియో అట్లాంటిది, బ్రౌజర్ కట్టడంలోనే ఆ విద్య ఉంది. బయటి నుంచి తెచ్చి నిలబెట్టిన స్తంభం లేదు.

ఆకాశ్ ప్రస్తావన

పేదవాడి టాబ్లెట్ సంగతేమిటని శంక. సమాధానం: 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ను బిగించింది మన హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, వేలితో మెల్లగా తాకితే వినక గట్టిగా ఒత్తితేనే పలికే తెర. ఫ్లాష్ వంటి బరువైన కిరాయిదారును దించితే ఆ గుడిసె నిలుస్తుందా? ఐప్యాడ్ వాడు వద్దన్నది దర్పంతో. ఆకాశ్‌కు వద్దనే హక్కు కూడా లేదు. విద్యార్థుల చదువుకని చేసిన ఆ పలక మీద పాఠం ఆడాలంటే పాఠమే తేలికపడాలి. ఇద్దరి దారీ ఒకటే అయిందని పండితులు గమనించగలరు.

ఉత్తరకథ

ఆకాశ్ విడుదలై నెల తిరిగేసరికి, 2011 నవంబర్‌లో, మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ కొత్తగా చేయబోమని అడోబీయే చెప్పేసింది. మరుసటి యేడు ఆగస్టు 15న గూగుల్ ప్లే దుకాణంలోంచి కొత్తవాళ్లకు దాన్ని ఆపేశారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తారీఖునే టాబ్లెట్లకూ వచ్చింది. పెద్దమ్మ టాబ్లెట్ నేను కొన్నది సెప్టెంబర్‌లో. అంటే మూలంలోని 'కావలెను' నేను చదివేనాటికే తీర్చలేని కోరిక. సైటు వాళ్లు అడుగుతున్నారు, అంగడివాడు అమ్మడం లేదు. ఇట్లాంటి విధివాక్యాన్ని మీమాంసకులు ఏమంటారో గానీ, మా ఆఫీసుల్లో ఇట్లాంటి సర్టిఫికెట్లు చాలా అడుగుతారు.

యూట్యూబ్ 2015 జనవరిలో ఫ్లాష్‌ను పక్కకు పెట్టింది. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి మంగళం పాడింది. ఆ తర్వాత పది పన్నెండు రోజులకు ప్లేయరే తనలో ఏదీ ఆడకుండా తలుపు వేసుకుంది. మూలం చదివే విద్య బ్రౌజర్‌కే వచ్చాక టీకాకారుడితో పనేముంది? నాకు గుబులు కలిగిందన్నది ఇందుకే. ఒక సంగతి మాత్రం గెలిచినవాళ్లు చెప్పరు. వీడియోలంటే వేరే మూటలో కట్టుకొని బయటపడ్డాయి, ఫ్లాష్‌లోనే పుట్టిన ఆటలూ, గుండె ఎట్లా కొట్టుకుంటుందో నొక్కి చూపే పాఠాలూ ఎక్కడికి పోవాలి? వాటికి టీక తప్ప వేరే మూలం లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు రఫుల్ అనే పనిముట్టుతో కొన్నిటిని మళ్లీ ఆడిస్తున్నారు. అట్లాంటి పాఠాలున్న మా మేనల్లుడి బడి సీడీ ఒకటి నా బీరువాలో ఉంది, ఇంకా పెట్టి చూడలేదు.

సిద్ధాంతం

ఇన్ని గ్రంథాలు తిరగేయక ముందే ఆ సాయంత్రం నాకు సిద్ధాంతం దొరికింది. నల్లగొండ బస్టాండ్ ముందర, ఫోన్ల చిప్పుల్లో పాటలు ఎక్కించే డబ్బా కొట్టులో. కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉండవు. గొంతుకు ఇయర్‌ఫోన్ వేలాడుతోంది. ముందర పాత కంప్యూటర్, దాని మీద కార్డ్ రీడర్లు తేలు పిల్లల్లా. ఇన్వర్టర్ మీద నడుస్తోంది గనుక కరెంటు గొడవ లేదు. ముందు ఇద్దరున్నారు, ఒకాయన అయ్యప్ప పాటలకు, ఒకాయన ఏ పాటలకో చెప్పకుండా చెవిలో అడుగుతున్నాడు. నా వంతు రాగానే టాబ్లెట్ చూపించి గోడు చెప్పుకున్నాను.

"అన్నా, అది ఎఫ్ఎల్వీ ఫైలు. గీ టాబుల గట్ల రాదు. ఎంపీఫోర్ జేసి చిప్పుల ఏసిస్త. ఇరవై రూపాలియ్యి."

"మరి ప్లగిన్ కావాలంటుంది?"

"అడిగితే అడగనీ. నీకు వీడియో గావాల్నా, ప్లగిన్ గావాల్నా?"

పేజీలోంచి వీడియోను కంప్యూటర్‌లోకి లాక్కున్నాడు, ఫార్మాట్ ఫ్యాక్టరీలో పడేశాడు. పచ్చ గీత మెల్లగా నిండింది. ఆ గీత నిండేలోపు వెనకాయనకు రెండు కీర్తనలూ ఒక సినిమానూ ఎక్కించాడు. మైక్రో ఎస్‌డీ చిప్పును వేలిగోరు మీద పెట్టి ఇచ్చాడు, గోరు కంటే చిన్నగా ఉంది. జాబ్స్‌కూ నారాయణ్‌కూ తెగని తగువు ఇరవై రూపాయలకు తెగింది. సరుకును టాబ్లెట్‌కు తెలిసిన భాషలోకి మార్చడమే తోవ, టాబ్లెట్‌కు కొత్త దుబాసీని పెట్టడం కాదు. కుర్రాడికి ఈ వాక్యం చెబితే రెండో గిరాకీని పిలుచుకున్నాడు.

తాత్పర్యం

ఇంటికొచ్చి చిప్పు వేశాను. కరెంటు ఇంకా రాలేదు. చీకట్లో టాబ్లెట్ వెలుగు పెద్దమ్మ ముఖం మీద, ముక్కుపుడక మీద పడింది. మనవరాలు వచ్చింది. చుట్టూ తిరిగింది, చప్పట్లు కొట్టింది, ఒకచోట లంగా తొక్కుకొని పడబోయి నిలదొక్కుకుంది. ఆగకుండా, చక్రం తిరగకుండా, ఏడు నిమిషాలు ఆడింది.

పెద్దమ్మ రెండుసార్లు చూసింది. మూడోసారి ఒకచోట వేలితో ఆపమంది. తెర దగ్గరికి ముఖం పెట్టి బతుకమ్మను పైనుంచి కిందికి చూసింది. బంతి ఉంది, చామంతి ఉంది, రంగు కాగితాలేవో ఉన్నాయి.

"తంగేడు పువ్వేది?"

"అక్కడ దొరకదేమో, పెద్దమ్మా."

"తంగేడు లేకుంట బతుకమ్మ ఎట్లయితదిరా?"

సమాధానం నాకు తోచలేదు. ఆమె ఫోన్ తీసి, అక్కడ పొద్దు పొడిచిందో లేదో కూడా చూడకుండా, అక్కకు కలపమంది.