ముందు క్లీన్ కొట్టీ బావూ

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నిలబడి "మా బిల్డ్ ఫెయిలైంది" అని కాస్త గట్టిగా అనండి చాలు, ఎక్కణ్ణించో ఒకాయన ఊడిపడతాడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో అన్నా అంతే. వయసు ముప్పై అయిదు దాటింది, నలభైకి ఇంకా ఒప్పుకోలేదు. మెడలో ఇయర్‌ఫోన్సు, చేతిలో టీ గ్లాసు, భుజాన పాత కంపెనీ పేరున్న బ్యాగు. మీరేం రాస్తున్నారో, ఏ ఎర్రర్ వచ్చిందో అడగడు. ఓ గుటక టీ మింగి, "ముందు క్లీన్ కొట్టీ బావూ" అంటాడు.

అందుకే క్లీన్ బావ అని పేరు పడిపోయింది. ఇంట్లో వేరే పేరేదో ఉండే ఉంటుంది. రాజాంలో ఒక క్లీన్ బావ, బొబ్బిలిలో ఒకడు, టెక్కలిలో ఇంకొకడు. పలాసలో ఇద్దరున్నారనీ, వాళ్ళిద్దరికీ మాటల్లేవనీ వినికిడి.

వీళ్ళు పుట్టుకొచ్చిన తీరు ఇదీ. 1997లో రాజాంలో జీఎంఆర్‌ఐటీ, విజయనగరంలో ఎంవీజీఆర్ వచ్చాయి. ఆ తరవాత చుట్టుపక్కల ఇంకెన్నో. అక్కడ చదివిన గుంటలు హైదరాబాదు, బెంగుళూరు పోయారు. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే మూటాముల్లె సర్దుకుని ఇళ్ళకొచ్చిపడ్డారు. కంపెనీలు మళ్ళీ పిలిచినప్పుడు కొందరు రైలెక్కారు. ఎక్కనివాళ్ళు మేడమీద గదిలో ఇన్వర్టరు, రెండు రకాల నెట్టూ పెట్టించుకుని అక్కడే స్థిరపడ్డారు. చేసే పని ఒకే కోడు రాసి, ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఐఫోనులోనూ నడిచే యాప్ తయారు చెయ్యడం. క్రాస్ ప్లాట్‌ఫారం అంటారు. ఈ మాట వినగానే బావ వాళ్ళ నాన్నగారు, "రెండు ప్లాట్‌ఫారాలేటిరా, పట్టాలు దాటడం నేరం కాదేటి?" అన్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు లెండి.

"ఒక్కసారి రాయండి, ఎక్కడైనా నడుస్తుంది" అని 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు జావాతో ఊరించారు. దాన్ని వాడినవాళ్ళు కొన్నాళ్ళకే "ఒక్కసారి రాయండి, ప్రతిచోటా బాగుచేసుకోండి" అని తిరగరాశారు. బావ ఆ రెండో వాక్యం మీదే ఇన్నేళ్ళుగా బతుకుతున్నాడు. మొదట ఫోన్‌గ్యాప్ వచ్చింది, నేర్చాడు. 2011లో జామరిన్ కంపెనీ పెట్టారు, అదీ నేర్చాడు. 2015లో ఫేస్‌బుక్ వాళ్ళు రియాక్ట్ నేటివ్ వదిలితే ఇక ఇదేనన్నాడు. 2018 డిసెంబరులో గూగుల్ ఫ్లట్టర్ 1.0 తెచ్చేసరికి అంతకు ముందటివన్నీ దండగన్నాడు. మతం మార్చినప్పుడల్లా పాత మతాన్ని తిట్టాడు గానీ తీర్థం మాత్రం మార్చలేదు. జామరిన్‌లో బిన్, ఆబ్జ్ అనే ఫోల్డర్లు తీసిపారేయించాడు. రియాక్ట్ నేటివ్‌లో నోడ్ మాడ్యూల్స్ తీయించాడు. ఫ్లట్టర్‌కొచ్చేసరికి వాళ్ళే 'ఫ్లట్టర్ క్లీన్' అని ఒక కమాండు ఇచ్చారు. ఆ రోజు బావ మొహం చూడాలి. తన మాటకి గూగుల్ వాళ్ళు ముద్ర వేశారనుకున్నాడు.

చిట్కా చెప్పే మనుషులు ఈ నేలకి కొత్త కాదు. 1892లో మొదట ఆడిన కన్యాశుల్కంలో విజయనగరం బొంకులదిబ్బ మీదే కదా గిరీశం మనకి తగులుతాడు. అయితే గిరీశానివి చాలావరకు కోతలు, చుట్టల ఖర్చు శిష్యుడిది. బావ తన డబ్బుతోనే టీ ఇప్పిస్తాడు. పైగా ఆయన చెప్పింది సగం సార్లు పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఉత్త కోతలే అయితే జనం ఈపాటికి తప్పుకు తిరిగేవాళ్ళు.

సగం సార్లు ఎందుకు పనిచేస్తుందంటే, యాప్‌ను కట్టే టూల్స్‌కి ఒళ్ళు వంగదు. నిన్న కట్టినవాటిలో మారనివాటిని మళ్ళీ కట్టకుండా పాత ముక్కల్నే దాచుకుని అతికిస్తాయి. లేకపోతే ప్రతిసారీ అరగంట కూర్చోవాలి. కానీ ఏది మారిందో ఏది మారలేదో లెక్క ఒకచోట తప్పిందంటే, పాత ముక్కా కొత్త ముక్కా పొసగక ఎర్రర్ మొదలవుతుంది. క్లీన్ కొడితే దాచుకున్నదంతా పోతుంది, మొదటినుంచీ కట్టుకోక తప్పదు, ఎర్రర్ పోతుంది. ఇది బావకి తెలుసా అంటే, తెలీదు. ఎవరైనా చెప్పబోతే, "ఎందుకో నాకెందుకు, వొచ్చీసిందా నేదా?" అంటాడు.

మిగతా సగంలో మాత్రం మోత మామూలుగా ఉండదు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరులో వేల కొద్దీ ఫైళ్ళుంటాయి. అవన్నీ తీసేసి మళ్ళీ దించుకోవడమంటే, వానాకాలంలో, ఫైబర్ తెగిన రోజున, ఫోను హాట్‌స్పాట్ మీద, ఆ రోజు డేటా అంతా సమర్పయామి. అది దిగాక కూడా అదే ఎర్రర్ అదే వరసలో నిలబడి ఉంటుంది. అప్పుడు బావ రెండో మందు తీస్తాడు: "వెర్షన్ మార్సీ." మూడోది: "నా మెషీన్లో వొస్తందే!" ఈ మూడో మాట అన్నాడంటే లేవబోతున్నాడని గుర్తు.

ఇంట్లోనూ ఇదే వైద్యం. మిక్సీ తిరగట్లేదండీ అని భార్య పిలిస్తే, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే "ఓపాలి ప్లగ్గు తీసి పెట్టు" అంటాడు. అదేం ఖర్మమో, తిరుగుతుంది. ఆవిడ ఆయన్ని ఏమీ అనలేకపోవడానికి ఆ మిక్సీయే కారణమని నా అనుమానం.

ఐఫోను సంగతికొస్తే బావ గొంతు మారుతుంది. కోడు ఎక్కడైనా రాసుకోవచ్చు, విండోస్ మీదైనా రాసుకోవచ్చు. కానీ ఐఫోనుకి యాప్ కట్టాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది ఆపిల్ వాళ్ళ మ్యాక్ మీద తప్ప నడవదు. రెండు ఫోన్లకీ పనిచేస్తుందని చెప్పే ప్రతి టూలూ ఈ సంగతిని చిన్నక్షరాల్లో చెబుతుంది. శ్రీకాకుళానికి రైలుంది అన్నట్టే ఇదీ. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, దిగేది ఆమదాలవలసలో. అక్కణ్ణించి ఊళ్ళోకి ఆటో మీ ఖర్చు. ఊళ్ళో ఒక్క బావ దగ్గరే పాత మ్యాక్ మినీ ఉంది. చుట్టుపక్కల యాప్‌లు రాసే కుర్రాళ్ళంతా పెన్‌డ్రైవులు పట్టుకుని ఆయన మేడ మెట్లెక్కాల్సిందే. అక్కడ ఆయన డబ్బు తీసుకోడు. మాట తీసుకుంటాడు, అంటే తను చెప్పే చిట్కాలు అయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి.

అవన్నీ పనికిమాలినవని అనుకోకండి. కొన్ని బంగారం. విండోస్‌లో చాలా టూల్స్ ఇప్పటికీ 260 అక్షరాలు మించిన ఫైలు దారిని నమలలేవు. డెస్క్‌టాప్‌లో న్యూ ఫోల్డరు, దాంట్లో ఫైనలు, దాంట్లో నిజంగా ఫైనలు, దాంట్లో ప్రాజెక్టు పెట్టుకున్న కుర్రాడికి, "అదంతా సీ డ్రైవు మొదట్లో పెట్టీ, పేరు మూడక్షరాలు సాలు" అని బావ చెప్పిన మాట నిఖార్సైనది. ఇంకో కుర్రాడు ఊరిమీద ప్రేమకొద్దీ ప్రాజెక్టు ఫోల్డరుకి తెలుగులో విజయనగరం అని పేరు పెట్టాడు. విండోస్‌లో ఆండ్రాయిడ్ టూల్స్ దారిలో ఇంగ్లీషు కాని అక్షరం కనబడితే మొండికేస్తాయి. బావ ఆ ఫోల్డరు చూసి నిట్టూర్చి, "అమ్మభాష ఇంట్లో మాటాడు బావూ, సీ డ్రైవులో కాదు" అన్నాడు.

10.0.2.2 అనే అంకెనైతే ఆయన చెవిలోనే చెబుతాడు. మీ లాప్‌టాప్‌లో సర్వరు నడుస్తుంటుంది, అదే లాప్‌టాప్ మీద ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిచి లోకల్‌హోస్ట్ అని పిలిస్తే ఎవరూ పలకరు. ఎందుకంటే ఎమ్యులేటర్ తనే ఒక ఫోను అనుకుంటుంది, లోకల్‌హోస్ట్ అంటే దానికి తనే. బయటున్న లాప్‌టాప్‌ని పిలవాలంటే ఆ అంకె కావాలి. మ్యాక్ మీద ఐఫోను సిమ్యులేటర్‌కి ఈ బాధ లేదు, అది లాప్‌టాప్ నెట్టునే వాడుకుంటుంది. ఈ తేడా తెలియక రాత్రుళ్ళు పాడుచేసుకున్నవాళ్ళకి బావ దేవుడే.

2018 ఫిబ్రవరి ప్రస్తావన మాత్రం ఆయన దగ్గర తేకండి, గంట పడుతుంది. జ్ఞ తరవాత కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు పెట్టి దీర్ఘమిస్తే, ఆ అక్షరం చూపించబోయిన ఐఫోను యాప్ కుప్పకూలిపోయేది. నోటిఫికేషన్లో వస్తే ఫోనే మళ్ళీ మళ్ళీ పడిపోయేది. ఆండ్రాయిడ్‌లో అదే అక్షరం చక్కగా కూర్చునేది. ఆపిల్ వాళ్ళు ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సర్దుకున్నారు. ఒత్తులున్న భాషల రాత ఫోనులో ఎంత చిక్కు పనో లోకానికి తెలిసింది అప్పుడే. బావ మాత్రం ఇది తను ముందే పసిగట్టానంటాడు. నిజానికి ఆయన పసిగట్టింది ఇంకోటి, అది తక్కువదేం కాదు. ఇంగ్లీషు కొలతలతో వరస ఎత్తు పెడితే కింద ఒత్తులు తెగిపోతాయని. ఒక బట్టల షాపు యాప్‌లో బటన్ మీద శ్రీకాకుళం అని పెడితే రావత్తు ఎగిరిపోయి శీకాకుళం అని పడింది. తెల్లవాళ్ళు చికాకోల్ అన్నారు, మనవాళ్ళు సిక్కోలు అంటారు, ఫోను కూడా తనకి తోచింది అంది. ఆ బటన్‌కి వరస ఎత్తు పెంచమని చెప్పింది బావే. ఆ ఒక్కసారీ క్లీన్ మాట ఎత్తలేదు.

ఇదిలా ఉండగా మేడమీదికి ఒక అమ్మాయి వచ్చింది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో చదువుతోంది, ఇంటర్న్‌షిప్ కోసం ఊళ్ళోనే ఒక కుర్రాడి ప్రాజెక్టులో చేరింది. ఊరందరికీ బావే గానీ ఆ అమ్మాయికి అన్నయ్య. ఆ రోజు కుర్రాడి యాప్ అతని విండోస్‌లో వస్తోంది, బావ మ్యాక్‌లో వస్తోంది, కంపెనీ సర్వరు మీద మాత్రం బొమ్మ ఫైలు దొరకలేదని ఆగిపోతోంది. బావ క్లీన్ కొట్టించాడు. నోడ్ మాడ్యూల్స్ తీయించాడు. అవి దిగేలోపు రెండు టీలు తెప్పించాడు. వెర్షన్ మార్పించాడు. "నా మెషీన్లో వొస్తందే!" అని కుర్చీ వెనక్కి నెట్టాడు.

"అన్నయ్యా, నిన్నటికీ ఇయాల్టికీ ఏటి మారింది?" అంది ఆ అమ్మాయి.

"ఏటీ మారనేదమ్మా."

"లోగో మార్సేం గదా" అన్నాడు కుర్రాడు, నెమ్మదిగా.

లోగో ఫైలు పేరు నిన్నటిదాకా పెద్ద ఎల్‌తో ఉంది, డిజైనరు ఇచ్చిన కొత్తది చిన్న ఎల్‌తో ఉంది. కోడులోనూ చిన్న ఎల్ చేశారు. విండోస్‌కీ, మామూలుగా మ్యాక్‌కీ ఆ రెండూ ఒకటే. లినక్స్‌కి కాదు, సర్వరు లినక్స్. పైగా విండోస్‌లో పేరులో అక్షరం సైజు ఒక్కటే మారితే, కోడులో మార్పులు నమోదు చేసే గిట్ దాన్ని మార్పుగా లెక్కవెయ్యదు, అందుకని సర్వరుకి ఇంకా పాత పెద్ద ఎల్ పేరే వెళ్తోంది. గిట్‌కి విప్పి చెప్పి పేరు మార్పించిందా అమ్మాయి. సర్వరు మీద పచ్చ టిక్కు పడింది.

ఓ నిమిషం ఊరుకుని, "తెలుగులో ఈ పెద్దా సిన్నా గొడవ నేదు, అందుకే మనకి తట్టనేదు" అని తీర్పు చెప్పాడు బావ. తర్వాత ఇంకో టీ తెప్పించాడు.

డాక్యుమెంటేషన్ చదివి తెలుసుకున్న పండితులు నాకు కొందరు తెలుసు. ఎర్రర్ చెబితే లింకు పంపిస్తారు. రాత్రి పదకొండుకి బండి తీసుకుని, చార్జరు పట్టుకుని రారు. బావ వస్తాడు. వచ్చి తప్పు మందు వేసినా, తెల్లారేదాకా పక్కన కూర్చుంటాడు. 2024 మే 1న మైక్రోసాఫ్ట్ జామరిన్‌కి సపోర్టు ఆపేసిన తరవాత, పాత యాప్‌లు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళు బెంగుళూరు నుంచి ఫోను చేసేది ఈయనకే. ఏ ఫోల్డరు తీస్తే ఏది లేస్తుందో ఆయనకి చేతి వేళ్ళకి తెలుసు, నోటికి తెలీదు.

ఆ అమ్మాయి దానికో ఉపాయం చేసింది. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి గళ్ళు కొట్టి ఆయన టేబులు మీద పెట్టింది. ఏమైంది, ఏం చేశాం, ఎందుకు పోయింది. మొదటి రెండు గళ్ళూ బావ చక్కగా నింపుతాడు, దస్తూరీ ముత్యాలే. మూడో గడిలో "క్లీన్" అని ఒకచోట, "కరెంటు వచ్చాక" అని ఒకచోట, "మ్యాక్ చల్లబడింది" అని ఇంకోచోట ఉంది. సిరిమానోత్సవం వారంలో రాసిన ఒక ఎర్రరుకి "మంగళవారం అప్‌లోడ్ చెయ్యడం వల్ల" అని రాసి కింద గీత కూడా గీశాడు.

ఆ అమ్మాయి దాన్ని కొట్టేసి, సర్టిఫికెట్ గడువు అయిపోవడం వల్ల అని రాసింది. బావ ఆ పేజీని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు రాసిందీ ఉంచు సెల్లీ, నేను రాసిందీ ఉంచు" అన్నాడు. "వొచ్చే ఏడు మంగళవారం నాడు సర్టిఫికెట్ కట్టీసి సూద్దాం."