వదిలేసిన వల

నేను నైలాన్ వలను. ఫ్యాక్టరీలో యంత్రం అల్లింది. అయితే నాకు ప్రాణం వచ్చింది మాత్రం నిజాంపట్నం హార్బరులో, పైన బెండ్లు, కింద సీసపు గుండ్లు కట్టినప్పుడే.

నన్ను కొన్న ఇంటికి నేను అన్నం పెట్టాను. వంజరాలు, చందువలు నా కళ్లలో చిక్కితే వాళ్ల పిల్లల ఫీజులు కట్టారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ నన్ను నీడన పరిచి, ఒక్కో చిరుగూ వెతికి కుట్టేవారు. ఆ చేతులు నాకింకా గుర్తే.

తర్వాత కుట్టడం మానేశారు. కొత్త వల వచ్చింది. డీజిలు మరకల మధ్య బోటు మూలన నన్ను కుక్కారు. ఒకరాత్రి నడిసముద్రంలో, "చోటు దండగ, వదిలెయ్యరా" అన్నాడు ఓనరు. సీసపు గుండ్లు మాత్రం విప్పుకున్నారు, వాటికి ధర ఉంది. ఇన్నేళ్లు తిండిపెట్టిన నన్ను నీళ్లలోకి తోసి ఇంజను స్టార్టు చేశారు.

మా పాతతరం వలలు నూలువి. పత్తి నుంచి వడికినవి. సముద్రంలో పోయినా కుళ్లి కలిసిపోయేవి. నాకా అదృష్టం లేదు. లాగేవాళ్లు లేకపోయినా ఏళ్ల తరబడి చేపల్ని పడుతూనే ఉంటాను.

ఈశాన్య రుతుపవనాల నాటి ప్రవాహం నన్ను శ్రీలంక దాటించి మాల్దీవుల్లో పగడాల దిబ్బకు చుట్టింది. అక్కడివాళ్లు ట్యూనాను వలతో కాదు, గేలంతో ఒక్కొక్కటిగా పడతారు. మాంటా రేలను, వేల్ షార్క్‌లను చూడాలని స్కూబా డైవర్లు సఫారీ బోట్లెక్కి, వాటిలోనే తిని పడుకుని, రోజుకు రెండు మూడుసార్లు మునుగుతారు. అలా మునిగినవాళ్లకు నేను కనిపించాను. నాలో ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు. నా దారం దాని ముందు రెక్కను ఎముకదాకా కోసింది. మన సూర్యలంక తీరపు ఇసుకలో గుడ్లు పెట్టేదీ ఈ జాతే. మాల్దీవుల్లో వలలకు చిక్కిన తాబేళ్ల జన్యువులు పరీక్షిస్తే, ఎక్కువ భాగం శ్రీలంక, తూర్పు భారత తీరాలవేనని తేలింది. ఆ లెక్కన అది మన ఊరి ఆడపడుచే కావచ్చు.

డైవర్లు నన్ను కత్తులతో కోసి తాబేలును విడిపించారు. ఇలా కొట్టుకొచ్చిన వలలను నమోదుచేసి, గాయపడిన తాబేళ్లకు వైద్యం చేసే ఆలివ్ రిడ్లీ ప్రాజెక్ట్ 2013 నుంచి అక్కడ పనిచేస్తోంది.

నిజాంపట్నం, వాడరేవు, కొత్తపట్నం అన్నల్లారా, మీ వల చిరిగితే సముద్రంలో వదలకండి. సీసంతోపాటు దాన్నీ ఒడ్డుకు తెచ్చేయండి.