బతికున్న చేపకి వెల్లుల్లి

మృగశిర కార్తెకి హైదరాబాదులో చేపమందు వేస్తారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం రోగులు గంటల తరబడి వరసలో నిలబడి, నోట్లో మందుముద్ద కుక్కిన కొర్రమీను పిల్లని కళ్లు మూసుకుని గుటుక్కున మింగుతారు. అందులో వైద్యమెంత, నమ్మకమెంత అన్న పంచాయితీ ఇక్కడ పెట్టను. అక్కడ జబ్బు మనిషిదే, నమ్మకమూ మనిషిదే. మా బావమరిది ఇంట్లో లెక్క తిరగబడింది. జబ్బు చేపది, నమ్మకం మనిషిది, మందు మింగే ఖర్మ కూడా చేపదే.

వాడి కొండాపూర్ ఫ్లాటు హాల్లో, టీవీ ఉండాల్సిన గోడకి ఆరడుగుల ఉప్పునీళ్ల తొట్టి ఉంది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. లెక్క కడితే 680 లీటర్లు. లోపల పగడాలు, నత్తలు, చిన్న రొయ్యలు, పైన నీలం లైట్లు. ఆ వెలుగులో కూచుని నవ్వితే మన పళ్లు కూడా ఆ పగడాల్లాగే మెరుస్తాయి. ఇలాంటి తొట్టిలోకి ఏడు వేలు పోసి ఒక బ్లూ టాంగ్‌ని తెచ్చాడు. పిల్లలు డోరీ అంటారే, ఆ చేప. షాపు కవరుని పావుగంట నీళ్లమీద తేల్చి, కత్తిరించి, లోపలికి వదిలేశాడు. కవరులో దానితోపాటు ఇంకెవరొచ్చారో అడగలేదు.

ఆరో రోజు ఫోను. "బావా, డోరీ ఒళ్లంతా బొంబాయి రవ్వ చల్లినట్టుంది."

"మిగతావాటిని అందులోనే ఉంచావా?"

"కంగారేం లేదు బావా, వెల్లుల్లి మొదలెట్టేశా."

మన ఇళ్లలో చేపకి వెల్లుల్లి పట్టించే ఆచారం ఉన్నమాట నిజమే. కాకపోతే ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ రాసి కడిగాక పట్టిస్తాం. వీడు రెబ్బలు దంచి, రసం పిండి, మేతకి పట్టించి, బతికున్నదానికి తినిపిస్తున్నాడు. వంటకి ముందస్తు ఏర్పాటేమో అనుకున్నాను. కాదట, వైద్యమట. వెల్లుల్లి వాసనకి చేప ఆబగా తింటుందంటారు, తినొచ్చు. కానీ ఆకలి పుట్టించేదల్లా మందైతే ఆవకాయని ఆస్పత్రుల్లో పెట్టాలి.

ఐదు రోజులకి మచ్చలు పోయాయి. ఫోటో వచ్చింది, కింద చేతులు జోడించిన బొమ్మ. వెల్లుల్లి గెలిచింది.

వెల్లుల్లికి ఈ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ రవ్వ సంగతి కాస్త తెలియాలి. దాని పేరు క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్. ఒకే కణం ఉన్న జీవి. తేలిగ్గా పురుగు అనుకుందాం. చేప చర్మపు పైపొర కింద దూరి, మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకి కనిపించే తెల్లచుక్క అదే. కడుపు నిండాక దానంతట అదే రాలిపోతుంది. ఎవరూ గెంటక్కర్లేదు. రాలి, ఇసకనో రాయినో అంటిపెట్టుకుని తిత్తి కట్టుకుని లోపల వందలుగా చీలుతుంది. కొన్ని తిత్తులు మూడో రోజుకే పగులుతాయి, కొన్నిటికి వారాలు పడుతుంది. 72 రోజులు ఆగి పగిలినవి కూడా ఉన్నాయి. బయటికొచ్చిన పిల్ల పురుగుకి ఒకటి రెండు రోజులే ఆయుష్షు; ఈలోగా చేప దొరకాలి, లేదా చావాలి. మా బావమరిది తొట్టిలో చావాల్సిన పని లేదు. చేప రోజూ రాత్రి అదే రాయి సందులో పడుకుంటుంది.

అంటే మచ్చలు ఐదో రోజున పోవడం జబ్బు పంచాంగంలోనే ఉంది. ఆ వారం వెల్లుల్లి రసం పోసినా పోతాయి, కొబ్బరికాయ కొట్టినా పోతాయి, ఏమీ చేయకుండా సోఫాలో పడుకున్నా పోతాయి. మూడోవారంలో తిరిగొచ్చాయి. ఈసారి డోరీకొక్కదానికే కాదు, అన్నిటికీ. "డోసు చాల్లేదు బావా," అన్నాడు. గెలిస్తే వెల్లుల్లి గొప్ప, ఓడితే డోసు తక్కువ. ఈ పేరు పడగొట్టడానికి ఎంతటి ల్యాబ్ అయినా చాలదు.

రెండో అంకంలో షాపతను ఒక సీసా అంటగట్టాడు. దాని మీద బంగారు అక్షరాలతో 'రీఫ్ సేఫ్' అని ఉంది. పగడాలకి హాని చేయదు, నత్తలకి చేయదు, రొయ్యలకి చేయదు, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాకి కూడా చేయదు. ఇంతమందికి ఏమీ చేయని ఆ సాధుమూర్తి, ఒక్క ఆ పురుగుని మాత్రం గుర్తుపట్టి, ఆధార్ కార్డు చూసినట్టు ఏరి చంపుతుందట. సీసా రెండు వేల మూడొందలు. నిజంగా ఖాళీ అయింది సీసా ఒక్కటే కాదు.

మూడో అంకంలో శుభ్రం చేసే రొయ్య. అది చేపల ఒంటి మీద చెత్త ఏరుకుని తింటుంది, చూడ్డానికి ముచ్చటే. కానీ పురుగు చర్మం పొర కింద తలుపేసుకుని కూచున్నప్పుడు రొయ్య గుమ్మం ఊడ్చి లాభమేంటి? ఇవన్నీ అయ్యాక వచ్చేది ఆఖరి సిద్ధాంతం: "ఒత్తిడి వల్ల వచ్చింది బావా." అదేమైనా హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోందా? ఒత్తిడిలో ఉన్న చేప జబ్బుకి తొందరగా లొంగుతుంది, నిజమే. కానీ పురుగు లేని నీళ్లలో ఎంత ఒత్తిడి పెట్టినా పురుగు పుట్టదు. అది కవరులో వచ్చింది. "సముద్రంలో లేదా ఇది?" అని ఎదురు ప్రశ్న. ఉంది నాయనా. అక్కడ తిత్తి పగిలేసరికి చేప ఎక్కడికో వెళ్లిపోయుంటుంది. నీ ఆరడుగుల సముద్రంలో ఎక్కడికి వెళ్తుంది, వంటింట్లోకా?

అసలు మందు కొత్తదేం కాదు: రాగి. మన తోటల్లో సున్నం కలిపి బోర్డో మిశ్రమంగా కొట్టే మైలుతుత్తంలో ఉండేది ఆ రాగే. చేపల మందుల్లో ఒక రకానికి లీటరు నీళ్లకి అర మిల్లీగ్రాము చాలు. మూడడుగుల చిన్న తొట్టిలో 190 లీటర్లనుకుంటే, మొత్తం కలిపి 95 మిల్లీగ్రాములు, గ్రాములో పదోవంతు కూడా కాదు. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప చస్తుంది. కాబట్టి పరీక్ష కిట్టుతో రోజూ కొలుస్తూ నెల రోజులు కాపాడుకోవాలి. కానీ ఆ రాగే పగడాన్నీ నత్తనీ రొయ్యనీ కూడా చంపేస్తుంది. రాళ్లూ ఇసకా దాన్ని పీల్చేసుకుని కొలత తప్పిస్తాయి. ఉప్పు తగ్గించే పద్ధతి ఇంకోటుంది. నీటి సాంద్రత 1.025 నుంచి 1.009కి దించితే పురుగు తట్టుకోలేదు, పగడాలూ తట్టుకోలేవు. ఎటు తిరిగినా దారి ఒక్కటే: చేపలన్నిటినీ వేరే తొట్టికి మార్చాలి, హాల్లో తొట్టిని చేపల్లేకుండా 76 రోజులు వదిలేయాలి.

ఈ మాట విన్నప్పుడు వాడి ముఖం చూడాలి. చేప చస్తుందంటే రాని బాధ, హాలు బోసిపోతుందంటే వచ్చింది.

ఇదే మనిషి 2020లో పాల ప్యాకెట్టుని సబ్బుతో కడిగి బాల్కనీలో ఆరేసినవాడు. కొరియర్ అట్టపెట్టెని మూడు రోజులు గుమ్మం బయట ఉంచినవాడు. నేను వెళ్తే, సొంత బావని, లిఫ్టు దగ్గరే నిలబెట్టి మాట్లాడినవాడు. క్వారంటైన్ అన్న మాటకి మూలం నలభై అనీ, వెనిస్ రేవులో ఓడల్ని అన్ని రోజులు ఆపేవాళ్లనీ నాకు ఆ లిఫ్టు దగ్గరే చెప్పాడు. చేపకి నలభై నిమిషాలు కూడా ఇవ్వలేదు.

ఇంకా చిత్రం, వాడు పుట్టింది భీమవరం పక్కన, రొయ్యల చెరువు గట్టున. తొంభైల నడుమ తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు మా మామగారు రెండు పంటలు పోగొట్టుకున్నారు. అప్పట్నుంచీ పీసీఆర్ చేయించని సీడు ఆయన చెరువులో పడలేదు. ఇప్పుడైతే వనామీ తల్లిరొయ్య విదేశం నుంచి విమానం దిగినా నేరుగా హేచరీకి రాదు. చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలు దాటాకే బయటికొస్తుంది.

మొన్న కంటి పరీక్షకని వచ్చిన ఆయన కళ్లజోడు పైకి జరిపి తొట్టి ముందు వంగారు.

"తెల్లమచ్చ లాగుందేంట్రా?"

"అది వైరస్సు నాన్నా, ఇది వేరు."

"ఏదైతే ఏంటిలే. టెస్టు చేయించే వేశావా?"

"చేపలకి అలాంటివి చేయరు నాన్నా."

"పోనీ, నాలుగు రోజులు విడిగా ఉంచి చూశావా?"

వాడు పగడాల వైపు చూశాడు. మామగారు నా వైపు తిరిగి, "ఏవండీ అల్లుడుగారూ, ఈ చేప కేజీ ఎంతండీ?" అన్నారు. ఒక్కటే ఏడు వేలని చెప్పాను. ఆయన మళ్లీ ఏం మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, టీవీ ఎక్కడుందని అడిగారు.

నేనేదో పుణ్యాత్ముణ్ణని కాదు. వేరే తొట్టి పెట్టి మరీ చంపినవాణ్ణి నేను. కొత్త తొట్టిలో మంచి బాక్టీరియా ఉండదు, చేప విసర్జనంతా అమ్మోనియాగా పేరుకుంటుంది. అది చూసి కంగారుపడి, రాగిమందున్న నీళ్లలోనే అమ్మోనియా విరుగుడు పోశాను. కొన్ని రకాల రాగిమందుతో అది కలిస్తే రాగి ఇంకా విషమెక్కుతుందని డబ్బా మీద రాసే ఉంది, చిన్న అక్షరాల్లో. పొద్దుటికి రెండు క్లౌన్ చేపలు అడుగున ఉన్నాయి. పీటముడి ఎక్కడ పడిందో తెలుసు కాబట్టి, వాడికి చెప్పేటప్పుడు ముందు డబ్బా చదవమని చెప్పాను.

చివరికి డోరీ రెక్కలు ముడుచుకుని, పంపు దగ్గర ఊపిరి కోసం ఎగపోయడం మొదలెట్టాక ఒప్పుకున్నాడు. వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన మూడడుగుల తొట్టి పెట్టాం. అడుగున ఇసక లేదు, రాయి లేదు. ఒక స్పాంజి ఫిల్టరు, ఒక హీటరు, దాక్కోవడానికి నాలుగు పీవీసీ ఎల్బోలు. "ఇది అక్వేరియంలా లేదు బావా, ప్లంబింగ్ షాపులా ఉంది," అన్నాడు. ఆ షాపులోనే పదో రోజుకి డోరీ మేత కోసం పైకి ఎగబడింది. రోజూ కిట్టుతో కొలిచి నాకు రంగు ఫోటో పంపేవాడు. హాల్లో తొట్టి మాత్రం నీలంగా, ఖాళీగా వెలుగుతూ ఉండేది. క్యాలెండర్లో 76 గళ్లు గీశాడు, రోజుకొకటి కొట్టేస్తున్నాడు.

పన్నెండో గడి కొట్టిన రాత్రి ఫోను.

"బావా, ఇంటికి ఆఫీసువాళ్లు భోజనానికొచ్చారు. అంత పెద్ద తొట్టిలో చేపలేవీ అని ఒకటే గొడవ."

"ఏం చేశావ్?"

"ఏం లేదు బావా. ఒక్క డామ్సెల్. ఇంతే ఉంటుంది, చిటికెన వేలంత."